పాతబస్తీ నడకకి పొద్దున్నే వెళ్ళండి

హైదరాబాద్ పాతబస్తీలో గైడ్‌తో హెరిటేజ్ వాక్‌కి వెళ్ళాలనుకుంటే పొద్దున ఏడు గంటలకల్లా మొదలయ్యేదే ఎంచుకోండి. పది దాటిందా, గైడ్ చెప్పేది హారన్ల మోతలో సగమే వినిపిస్తుంది.

అసలు మజా గుల్జార్ హౌజ్ దగ్గర. అక్కడి ఫౌంటెన్ పక్కన నిలబడి చుట్టూ తిరిగి చూస్తే నాలుగు దిక్కులా చార్ కమాన్లు, అంటే నాలుగు పెద్ద కమాను ద్వారాలు కనిపిస్తాయి. దుకాణాలు తెరిచాక ఆ తోపులాటలో నిలబడటమే కష్టం, ఇక తలెత్తి చూసేదెక్కడ! 1591 నాటి చార్మినార్ అందరూ చూసేదే. దగ్గర్లోని బాద్‌షాహీ అషుర్‌ఖానా (మొహర్రం సంతాప ప్రార్థనలు జరిగే మందిరం) మాత్రం వదలొద్దు. లోపలి గోడల మీద కుతుబ్‌షాహీల కాలం నాటి రంగురంగుల టైల్స్ చూస్తే కాళ్ళనొప్పులు మర్చిపోతారు. చెప్పులు బయటే విడవాలి కాబట్టి లేసుల బూట్లు వేసుకెళ్ళకండి.

శుక్రవారం పెట్టుకోకండి. మక్కా మసీదు దగ్గర రద్దీ, పైగా చౌమహల్లా ప్యాలెస్‌కి ఆ రోజు సెలవు. టిఫిన్ కడుపునిండా తిని వెళ్ళకండి. చివర్లో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లకి చోటుండాలిగా!