ఒక్క ఆవుకి టన్ను గడ్డి: చలికాలానికి, ఆపదకు మేత నిల్వ చేసే పద్ధతి

వామి ఎత్తు చూసి మేత సరిపోతుందని చెప్పలేం. లెక్క కిలోల్లో వేయాలి, అది పశువు బరువుతో మొదలుకావాలి. కాటా లేకపోతే టేపు చాలు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి పిరుదు ఎముక దాకా పొడవు అంగుళాల్లో తీసుకోండి. చుట్టుకొలతను దానితోనే ఒకసారి, పొడవుతో ఒకసారి గుణించి 660తో భాగిస్తే సుమారు బరువు కిలోల్లో వస్తుంది. చుట్టుకొలత 66, పొడవు 58 అంగుళాలు ఉన్న ఆవు దాదాపు 380 కిలోలు తూగుతుంది.

ఆవుకైనా గేదెకైనా రోజుకి ఒంటి బరువులో రెండున్నర శాతం పొడి పదార్థం వేసుకోవాలి. పొడి పదార్థమంటే మేతలో నీరంతా పోగా మిగిలేది. ఎండుగడ్డిలో అది 90 శాతం, పచ్చిమేతలో 20 శాతం దగ్గర. అంటే కిలో ఎండుగడ్డి చేసే పని చేయాలంటే నాలుగున్నర కిలోల పచ్చిమేత కావాలి. మన 380 కిలోల ఆవుకి రోజుకి తొమ్మిదిన్నర కిలోల పొడి పదార్థం. అందులో మూడింట రెండు వంతులు గడ్డి నుంచి వస్తే రోజుకి ఏడు కిలోల ఎండుగడ్డి, నాలుగు నెలలకు 840 కిలోలు. తొక్కుడులో, చెమ్మలో పోయేది మరో 15 శాతం కలపండి. 966 అయింది, అంటే ఒక్క ఆవుకి టన్ను. గాటిలో కాకుండా నేలమీద వేసేవాళ్లకు ఇదీ చాలదు.

మేకలు, గొర్రెలు ఒంటి బరువులో 3 నుంచి 4 శాతం, గుర్రం 2 శాతం దాకా తింటాయి. గుడ్లు పెట్టే కోడికి రోజుకి 110 నుంచి 120 గ్రాముల దాణా. ఇక మోపుల సంగతి: ఏవైనా పది మోపులు తూచి సగటు తీయండి. చూపుకి ఒకేలా ఉన్న మోపుల మధ్య కూడా కిలోల తేడా ఉంటుంది, వంద మోపుల దగ్గరకొచ్చేసరికి అది వారాల మేత అవుతుంది.

తడి గడ్డి వామికి నిప్పు

నిల్వ గడ్డిలో తేమ 15 శాతం లోపుండాలి. 20 దాటితే బూజు ఖాయం, వామి లోపల వేడి పుడుతుంది. బయటి నుంచి ఏ నిప్పూ తగలకపోయినా ఆ వేడికే వామి అంటుకోవచ్చు. పేర్చిన తర్వాత మొదటి ఆరు వారాలు ఈ ప్రమాదం ఎక్కువ.

తేమ చూడటానికి మీటరే అక్కర్లేదు. గుప్పెడు గడ్డి మెలిపెడితే కాడ టప్పున విరగాలి. వంగి ఊరుకుంటే ఇంకా ఎండాలి. అనుమానం తీరకపోతే బాగా ఎండిన గాజు సీసాలో సగం దాకా చిన్న ముక్కలు చేసిన గడ్డి, రెండు చెంచాల పొడి ఉప్పు వేసి మూత బిగించి మూడు నిమిషాలు ఆడించండి. పక్కన పెట్టి కాసేపు ఆగి చూడండి. ఉప్పు రేణువులు విడివిడిగా అడుగుకి జారితే గడ్డి పేర్చొచ్చు. గాజుకి అతుక్కున్నా, ఉండ కట్టినా ఇంకో రెండు ఎండలు కావాలి. ఉప్పు ముందే చెమ్మగిల్లి ఉంటే ఈ పరీక్ష అబద్ధం చెబుతుంది, పెనం మీద వేడిచేసి చల్లార్చిన ఉప్పే వాడండి.

పేర్చాక ఆ ఆరు వారాలూ రెండు రోజులకోసారి వామి మధ్యకి ఇనుప కడ్డీ గుచ్చి, పావుగంట ఉంచి బయటికి లాగి పట్టుకోండి. గోరువెచ్చన పర్వాలేదు. పట్టుకోలేనంత కాలితే, కాలిన బెల్లం లాంటి వాసన వస్తే వామి పైకి ఎక్కొద్దు, విప్పొద్దు. గాలి తగిలిన క్షణంలో మండుతుంది. ముందు పశువుల్ని దూరం తోలి అగ్నిమాపక సిబ్బందిని పిలవండి. వామిని కొట్టానికి ఆనించి వేయొద్దని చెప్పేది ఇందుకే, కరెంటు తీగల కింద అసలే వద్దు.

వామి అడుగున అడుగున్నర ఎత్తు అరుగో, దుంగల వరుసో ఉండాలి, చుట్టూ కాలువ తవ్వాలి. పరదా గడ్డికి అతుక్కునేలా కప్పితే కింద చెమటపట్టి పైపొర కుళ్లుతుంది. మధ్యలో వాసాలు పెట్టి గాలి ఆడనివ్వండి, పక్కలు నేల దాకా మూయకండి.

యూరియా గడ్డి, పాతర గడ్డి

వరి, గోధుమ గడ్డిలో మాంసకృత్తులు 3, 4 శాతానికి మించవు. వాటిని పెంచడానికి 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరపొరకీ చల్లి తొక్కి, గాలి చొరకుండా 21 రోజులు మూయాలి. బాగా చలిగా ఉంటే మరో వారం పైగా ఉంచండి. తీసిన గడ్డిని ఘాటు పోయేదాకా ఆరబెట్టి, మొదట కొద్దిగా మామూలు గడ్డిలో కలిపి అలవాటు చేయాలి. ఆరు నెలల లోపు దూడలకు, గుర్రాలకు ఇది పెట్టకూడదు. కలిపిన నీళ్ల బకెట్‌ని పశువుకి అందేచోట రెండు నిమిషాలు వదిలినా ప్రాణం పోవచ్చు.

పాతర అంటే పచ్చిమేతను గాలి తగలకుండా మూసి పులియబెట్టి నిల్వ చేయడం. అది వేసేవాళ్లు మేతను 2, 3 సెంటీమీటర్ల ముక్కలు చేసి, తేమ 65 నుంచి 70 శాతం ఉన్నప్పుడు నింపాలి. గుప్పిట్లో పిండితే ముద్దగా నిలిచి నెమ్మదిగా విచ్చుకోవాలి. నీళ్లు కారితే పచ్చి ఎక్కువ, వెంటనే రాలిపోతే ఎండిపోయింది. ఇక్కడ చిన్న రైతులు ఎక్కువగా పొరపడేది పాతర పరిమాణంలో. తెరిచిన ముఖం నుంచి రోజుకి కనీసం 15 సెంటీమీటర్ల మందం తీయకపోతే గాలికి పాడవుతుంది. మూడు ఆవులు రోజుకి 45 కిలోలు తింటాయనుకుందాం. ఘనపు మీటరుకి 600 కిలోలు పడితే పాతర ముఖం అర చదరపు మీటరే ఉండాలి. అంత చిన్న గొయ్యి ఎవరూ తవ్వరు. కాబట్టి నాలుగైదు పశువుల లోపు ఉన్నవాళ్లు గొయ్యి మానేసి గట్టి సంచుల్లోనో, మూతబిగించే పీపాల్లోనో వేసుకోవడమే మేలు. సంచిలో చచ్చిన ఎలుక కనిపిస్తే ఆ సంచి మొత్తం పారేయండి, అందులోని విషానికి పశువు కాళ్లు పడిపోతాయి.

దాణా

గింజలు 12 శాతం తేమకి ఎండితే నెలల తరబడి ఉంటాయి. పిండి పట్టించాక అదే సరుకు రెండు నెలల్లో ముక్కిపోతుంది. అందుకని నిల్వ గింజగా ఉంచి, దాణాగా నెలకి సరిపడా మాత్రమే ఆడించుకోండి. బస్తాలు నేలకి అరడుగు ఎత్తున, గోడకి అడుగు దూరంలో ఉండాలి. ప్రతి బస్తా మీద తేదీ రాసి, పాతది ముందు తీయాలి.

వేరుశనగ చెక్క, పత్తి గింజల చెక్క, మొక్కజొన్న: ఈ మూడింటి మీదా కన్నేసి ఉంచండి. వీటి మీద పెరిగే ఆకుపచ్చ బూజు వదిలే అఫ్లాటాక్సిన్ అనే విషం వండినా పోదు, పాలలోకి కూడా దిగుతుంది. ఉండకట్టిన భాగం తీసేసి మిగతాది పెడదామనుకోవద్దు.

రకరకాల జంతువులున్న చోట బస్తాలు వేరువేరుగా గుర్తు పెట్టాలి. ఆవు దాణాలోని రాగి గొర్రెకి విషం. కోళ్ల, పశువుల దాణాలో కలిపే మోనెన్సిన్ అనే మందు గుర్రాన్ని చంపుతుంది.

వాడకంలో వరుస

మంచి గడ్డి ముందు అయిపోయి చివరికి నాసిరకం మిగలడం అందరి దగ్గరా జరిగేదే. నాసిగడ్డిని చలి ముదరకముందే ఒట్టిపోయిన పశువులకు వాడేసి, మంచిదాన్ని నిండు చూడి పశువులకు, పాడి పశువులకు, ఎదిగే పెయ్యలకు దాచండి. చలి బాగా ఉన్న రోజుల్లో గడ్డి పెంచండి, దాణా కాదు. నెమరువేసే పశువు కడుపులో గడ్డి పులిసేటప్పుడు పుట్టే వేడే దానికి కంబళి. నీళ్లు గడ్డకట్టినా, మరీ చల్లగా ఉన్నా పశువు తాగడం తగ్గించి మేత కూడా మానేస్తుంది. పాలివ్వని ఆవుకే రోజుకి 40 లీటర్లు కావాలి, పాడి ఆవుకి ఇంకా ఎక్కువే.

వరద, తుపాను లాంటి వాటికి పది రోజుల మేత, ఖనిజ లవణ మిశ్రమం, నీళ్లు నింపిన పీపాలు మెరకలో వేరుగా పెట్టండి. చలికాలపు లెక్కలో దీన్ని కలపకండి. వరద నీళ్లు తగిలిన గడ్డిని ఎండబెట్టి వాడొద్దు, ఆ మురుగులో ఏమేం కలిసిందో తెలియదు.

నడిచలికాలంలో మళ్లీ తూచి చూడండి. తక్కువ పడేలా ఉంటే అప్పుడే వేరే మేత కలపడం మొదలుపెట్టాలి, గడ్డి పూర్తిగా అయ్యేదాకా ఆగకూడదు. ఒక్కసారిగా గింజల మీదకి మారిస్తే కడుపులో ఆమ్లం పెరిగి పశువు పడిపోతుంది. పది పన్నెండు రోజుల మీద కొద్దికొద్దిగా మార్చండి, గడ్డి మాత్రం రోజుకి ఒంటి బరువులో ఒక శాతానికి తగ్గనివ్వకండి. కొత్త పచ్చిక మొలిచాక కూడా ఇదే పద్ధతి. మేతకి వదిలే ముందు పొద్దున్నే ఎండుగడ్డి పెట్టి తోలండి, మొదటి రోజు గంటకి మించి మేయనివ్వకండి. ఈ పది రోజులకు సరిపడా గడ్డి కూడా మొదటి లెక్కలోనే ఉండాలి.