బర్రెలకు గడ్డి మిగలడం లేదా? జింకల మీద నింద వేసే ముందు చూడాల్సినవి

చిలుకూరు మృగవని, వనస్థలిపురం హరిణ వనస్థలి లాంటి పార్కుల అంచున మేపేవాళ్లకు మొదటి అనుమానం జింక మీదే. వేటాడే జంతువు లేనిచోట వదిలిన దుప్పుల మంద పెరిగే మాట నిజమే. బ్రిటిష్‌వాళ్లు తీసుకెళ్లి వదిలిన చుక్కల దుప్పి అండమాన్‌లో చేసింది అదే. కానీ లెక్క చూడండి: 400 కిలోల బర్రె రోజుకు సుమారు 10 కిలోల ఎండు మేత తింటుంది, 50 కిలోల దుప్పి కిలో పావు. ఒక బర్రె ఎనిమిది దుప్పులతో సమానం.

సమస్య: తొలకరి గడ్డి నెల తిరక్కుండానే నేలకంటుకుపోయింది.

వంగి చూడండి. బర్రె నాలుకతో చుట్టి లాగుతుంది కాబట్టి రెండంగుళాల కిందికి దానికి సరిగా అందదు. దుప్పి మూతి సన్నం, లేత ఆకు ఏరి మొదలుదాకా కొరుకుతుంది. గొర్రె కూడా అంతే, అందుకే పెంటికలు చూడాలి. దుప్పివి పొడుగ్గా, ఒక కొన మొనదేలి ఉంటాయి. మగ కృష్ణజింక ఒకేచోట కుప్పగా వేస్తుంది. వయ్యారిభామ విరగబడి మొలిచిందంటే మాత్రం ఆ నేల మీద మేత భారం చాన్నాళ్లుగా ఎక్కువై ఉండొచ్చు.

తేల్చుకోవాలంటే: గడ్డి ఒకేలా ఉన్నచోట 3 మీటర్ల చదరాలు మూడు తీసుకోండి. ఒకదానికి చుట్టూ, పైనా జాలీ. రెండోదానికి రెండు వరసల ముళ్లతీగ, కింది తీగ నేలకు రెండున్నర అడుగుల ఎత్తున: బర్రె ఆగుతుంది, దుప్పి దూరుతుంది. మూడోది బయలు. నాలుగు వారాలకు ప్రతిదాంట్లో నడిమి ఒక్క మీటరు చదరం మాత్రమే కోసి, మూడు రోజులు ఎండబెట్టి తూచండి. అంచులు లెక్కలోకి రావు, బర్రె తీగ మీద నుంచి మెడ చాచి మేసేస్తుంది. ఆ నెల మేకలను అటు పోనివ్వొద్దు, అవీ తీగ కింద దూరతాయి.

జాలీలో 300 గ్రాములు, తీగలో 240, బయట 90 వచ్చాయనుకోండి. జింక తిన్నది 60, మీ పశువులు 150.

బర్రెల వాటా ఎక్కువైతే: గడ్డి జానెడెత్తు అయ్యేదాకా మందను వదలొద్దు. పోటీ ముదిరేది తొలకరి తర్వాతే, ఎండాకాలం దుప్పి ఆకులు, కాయల వైపు మళ్లుతుంది. నీళ్లుంటే పది గుంటల్లో సూపర్ నేపియర్ గడ్డి పెడితే రెండు బర్రెలకు పచ్చిమేత సరిపోతుంది. మొదటి కోత 70 రోజులకు, ఆ తర్వాత 45 రోజులకొకటి. జొన్న వేస్తే పూత రాకముందు కోసి పెట్టొద్దు, లేత జొన్న విషం.

జింక వాటా ఎక్కువైతే: మేత మడికి 8 అడుగుల చైన్‌లింక్ కట్టి, అడుగు అంచును మట్టిలో పూడ్చండి. కృష్ణజింక దూకడం కంటే కింద దూరడమే ఎక్కువ. పాత చీరల దడి కొన్నాళ్లే పనిచేస్తుంది, అలవాటైతే లెక్కచేయవు. కంచెకు కరెంటు పెట్టడం, ఉచ్చులు, కుక్కలను ఉసిగొల్పడం వద్దు: 1972 వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది. పార్కు కంచె తెగితే ఫొటో తీసి అటవీశాఖ రేంజ్ ఆఫీసులో రాతపూర్వకంగా ఇవ్వండి. అదే తెగిన చోటు నుంచి మీ బర్రె లోపలికి పోతే తప్పు మీదే, జాతీయ పార్కులో పశువులను మేపడం నిషేధం.

రోగాలు ఒకదాన్నుంచి ఒకదానికి అంటకుండా నీళ్ల తొట్టి జింకలకు అందనిచోట పెట్టి, గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి వేయించండి.