మతిమరుపు రిస్క్ ఎంత ఉందో ఇంట్లోనే లెక్క చూసుకోవడం ఎలా, ఆడవాళ్ళకి వేరే మగవాళ్ళకి వేరే

మా అమ్మ ఒకటే విషయం మూడేసి సార్లు అడుగుతోంది, పొద్దున చెప్పింది సాయంత్రానికి మర్చిపోతోంది అని ఆర్నెల్లు ఇంట్లో అందరం తెగ కంగారుపడి చివరికి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే, ఆయన అడిగిన మొదటి ప్రశ్న టీవీ సౌండ్ ఎంతలో పెట్టుకుంటారమ్మా అని. 38. నాకు 14 దాటితే తలనొప్పి వస్తుంది. అంటే ఆవిడ మర్చిపోవడం తర్వాత సంగతి, సగం మాటలు అసలు చెవిలోనే పడట్లేదు, చెవిన పడనిది గుర్తెలా ఉంటుంది చెప్పండి.

అప్పట్నుంచీ నన్ను ఎవరడిగినా ఒకటే చెప్తున్నా, బ్రెయిన్ గేమ్ యాప్‌లు, మెమరీ టాబ్లెట్లు అన్నీ పక్కన పెట్టి ముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. మధ్యలో నిలువుగా గీత గీసి ఒకవైపు ఆవిడ, ఒకవైపు ఆయన. ఇద్దరికీ ఒకే లిస్టు ఎందుకు సరిపోదో కింద చెప్తా.

పైన వయసు, అమ్మానాన్నల్లో ఎవరికైనా డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు) వచ్చిందా, వస్తే ఏ వయసులో, అంతే రాయండి. ఇవి మార్చలేం కాబట్టి వీటి మీద ఎక్కువ బుర్ర పెట్టొద్దు. జీన్ టెస్ట్ చేయించుకోమంటారా అని కొందరు అడుగుతారు, ఏపీఓఈ4 అనే జీన్ ఉంటే అల్జీమర్స్ (డిమెన్షియాలో ఎక్కువమందికి వచ్చే రకం) రిస్క్ పెరిగే మాట నిజమే కానీ ఉన్నవాళ్ళందరికీ రాదు, లేనివాళ్ళకి రాకుండానూ ఉండదు, నేనైతే వద్దనే అంటా.

అసలు పని మార్చగలిగే వాటితో. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో ఇలాంటివి 14 లెక్కేసి, అన్నిటినీ పూర్తిగా అదుపులో పెట్టగలిగితే ప్రపంచంలో డిమెన్షియా కేసుల్లో 45 శాతం దాకా ఆపొచ్చు లేదా వెనక్కి నెట్టొచ్చు అంది. ఇది జనాభా మొత్తం మీద లెక్కండీ, మీ ఒక్కరి రిస్క్ 45 శాతం తగ్గిపోతుందని కాదు. అందులో వినికిడి తగ్గడం, చెడు కొలెస్ట్రాల్ (ఎల్‌డీఎల్) రెండిటికీ చెరో 7 శాతం, అన్నిటికంటే ఎక్కువ. మనమేమో వినికిడిని అసలు జబ్బు కిందే లెక్కెయ్యం.

అందుకే చెవులతో మొదలుపెట్టండి. టీవీ నంబర్ ఎంత, ఫోన్లో కంటే ఎదురుగా ఉంటేనే బాగా అర్థమవుతోందా, నలుగురు ఒకేసారి మాట్లాడితే నవ్వేసి ఊరుకుంటున్నారా. డబ్ల్యూహెచ్‌వో వాళ్ళది హియర్‌డబ్ల్యూహెచ్‌వో అని ఫ్రీ యాప్ ఉంది, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చేసుకోవచ్చు, స్కోర్ తేడాగా వస్తే ఆడియోమెట్రీకి (చెవి డాక్టర్ దగ్గర చేసే వినికిడి టెస్ట్) వెళ్ళండి. చెవి మిషన్ పెట్టుకుంటే మతి నిలుస్తుందా అంటే, 2023లో వచ్చిన అచీవ్ స్టడీలో మొత్తం మీద చూస్తే పెద్ద తేడా కనపడలేదు, కానీ ముందే రిస్క్ ఎక్కువున్న గుంపులో మాత్రం మూడేళ్ళలో జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గే వేగం 48 శాతం తగ్గింది. పనిలో పని కళ్ళు కూడా, శుక్లాలు ఉండి వాయిదా వేస్తుంటే అదీ ఆ 14లో ఒకటే.

తర్వాత బీపీ. ఇది చాలామంది తప్పుగా చూసుకుంటారు కాబట్టి వివరంగా చెప్తా. అంతకుముందు అరగంట కాఫీ, సిగరెట్, వ్యాయామం వద్దు, బాత్రూమ్‌కి వెళ్ళొచ్చి కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, కాలు మీద కాలేసుకోకుండా 5 నిమిషాలు ఊరికే కూర్చోండి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి, పట్టీ చొక్కా మీద కాదు చర్మం మీద కట్టాలి, చూసేటప్పుడు మాట్లాడకూడదు (మా నాన్న సరిగ్గా అప్పుడే మొదలుపెడతాడు). నిమిషం ఆగి రెండోసారి, రెండిటి సగటు రాసుకోండి. వారం రోజులు ఇలా పొద్దున సాయంత్రం చూస్తే డాక్టర్‌కి పనికొచ్చే కాగితం తయారవుతుంది. 2019లో వచ్చిన స్ప్రింట్ మైండ్ స్టడీలో పై నంబర్‌ని 140 కింద కాకుండా 120 కిందకి తెచ్చే టార్గెట్‌తో మందులిచ్చినవాళ్ళలో, డిమెన్షియాకి ముందు మెట్టు లాంటి తేలికపాటి మతి తగ్గుదల 19 శాతం తక్కువ కనపడింది. అలాగని మీరే మాత్ర డోస్ పెంచేసుకోవద్దు, కళ్ళు తిరిగి పడితే తలకి దెబ్బ, అది ఇంకో రిస్క్.

షుగర్, పొగ, బరువు, నడక గురించి మీకు కొత్తగా చెప్పేదేం లేదు, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు), ఎల్‌డీఎల్ నంబర్లు కాగితం మీద వెయ్యండి, వారానికి 150 నిమిషాల నడక అవుతోందో లేదో నిజాయితీగా రాయండి. ఒక్కటి మాత్రం, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడుతుంటే బీ12 తగ్గే ఛాన్స్ ఉంది, బీ12 తగ్గితే మతిమరుపు అచ్చం డిమెన్షియాలాగే ఉంటుంది, అది టెస్ట్ చేయించండి, థైరాయిడ్ కూడా.

ఇప్పుడు టాబ్లెట్ల కవర్ తెచ్చి బల్ల మీద బోర్లించండి. ఈ పని ఎవరూ చెయ్యరు. ఎలర్జీకి, జలుబుకి, నిద్రకి వాడే పాతరకం మాత్రలు, డైఫెన్‌హైడ్రమిన్, క్లోర్‌ఫెనిరమిన్ లాంటివి, మూత్రం ఆగట్లేదని ఇచ్చే ఆక్సీబ్యూటినిన్, నొప్పులకి రాత్రి వేసుకునే అమిట్రిప్టిలిన్, ఇవన్నీ జ్ఞాపకానికి అవసరమైన ఎసిటైల్‌కోలిన్ అనే కెమికల్ పనికి అడ్డుపడతాయి, పెద్దవయసులో మెదడు మసకేసినట్టు చేస్తాయి. పేర్లు రాసుకుని డాక్టర్‌నో ఫార్మసిస్ట్‌నో అడగండి, మీ అంతట మీరు టక్కున ఆపొద్దు.

ఆవిడ వైపు ఎక్స్‌ట్రా రాయాల్సినవి: పీరియడ్స్ ఏ వయసులో ఆగాయి, ఆపరేషన్ చేసి రెండు అండాశయాలూ చిన్న వయసులోనే తీసేశారా, కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగిందా (ప్రీఎక్లాంప్సియా), డిప్రెషన్ ఉందా, ఎంతవరకు చదివారు. మెనోపాజ్ (పీరియడ్స్ ఆగిపోయే) టైములో పేరు నోటిదాకా వచ్చి ఆగిపోవడం, ఏకాగ్రత లేకపోవడం చాలామందికి ఉంటుంది, దాన్ని డిమెన్షియా అనుకుని హడలిపోవద్దు. హార్మోన్ మాత్రలు జ్ఞాపకశక్తి కోసమని మాత్రం వాడొద్దు, 2003లో వచ్చిన డబ్ల్యూహెచ్‌ఐ (ఆడవాళ్ళ ఆరోగ్యం మీద అమెరికాలో చేసిన పెద్ద పరిశోధన) మెమరీ స్టడీలో 65 దాటిన ఆడవాళ్ళకి ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ కలిపి ఇస్తే డిమెన్షియా రిస్క్ రెట్టింపైంది, వేడి ఆవిర్లకి 50ల్లో వాడటం వేరే కథ. అల్జీమర్స్ ఆడవాళ్ళలోనే ఎక్కువ, ఎక్కువకాలం బతుకుతారు కాబట్టి అనేది ఒక కారణమే, మొత్తం కాదు. షుగర్ ఉంటే రక్తనాళాల వల్ల వచ్చే డిమెన్షియా రిస్క్ కూడా మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో ఎక్కువ పెరుగుతుంది, కాబట్టి ఆయన షుగర్ చూసి మీది వదిలెయ్యకండి.

ఆయన వైపు: ఎప్పుడైనా తలకి గట్టి దెబ్బ తగిలి స్పృహ తప్పిందా, మద్యం వారానికి ఎంత, గురక మధ్యలో ఊపిరి ఆగినట్టవుతోందా. మందు లెక్క ఇది, 8 గ్రాముల ఆల్కహాల్ ఒక యూనిట్, వారానికి 21 యూనిట్లు దాటితే లాన్సెట్ వాళ్ళు రిస్క్ కింద రాశారు. గురక సంగతి ఆయన్ని అడిగితే లేదనే అంటాడు, పక్కన పడుకునేవాళ్ళని అడగండి (మెనోపాజ్ తర్వాత ఆడవాళ్ళకీ వస్తుంది). ఇంకోటి, రిటైరయ్యాక ఫోన్ చేసే మనిషి లేకపోవడం. ఒంటరితనానికి ఆ 14లో 5 శాతం ఇచ్చారు, పొగ కంటే ఎక్కువ.

కాగితం నిండాక అన్నీ ఒకేసారి మొదలుపెట్టి వారానికే వదిలెయ్యొద్దు, సులువుగా సరిదిద్దగలిగేవి రెండు గుండ్రంగా చుట్టండి. బాగా తెలిసిన దారిలోనే తప్పిపోతుంటే, ఏళ్ళుగా చేసే లెక్కలు తప్పుతుంటే ఇదంతా ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఒకటి రెండు రోజుల్లోనే మనిషి తికమకగా మారితే అది డిమెన్షియా కాకపోవచ్చు, ఇన్ఫెక్షన్, సోడియం తగ్గడం, కొత్త మందు, స్ట్రోక్ ఏదైనా కావచ్చు, అదే రోజు హాస్పిటల్‌కి.

మా అమ్మ మిషన్ మొదటి వారం గిన్నెల చప్పుడు చెవిలో పొడుస్తోందని తీసి డబ్బాలో పెట్టేసింది, రెండుసార్లు వెళ్ళి సౌండ్ సరిచేయిస్తే గానీ దారికి రాలేదు, వదిలేస్తారు చాలామంది ఆ స్టేజ్‌లోనే. ఇప్పుడు టీవీ 16. సౌండ్ పెంచు, ఏం వినపడట్లేదు అని గోల చేస్తున్నాడు మా నాన్న, ఆయన వైపు వినికిడి అని రాసి నెలైంది, టెస్టుకి మాత్రం రానంటున్నాడు.