జర్మన్ 'వుర్డె' తో వచ్చే తప్పులు: సమస్య - పరిష్కారం

'వేర్డెన్' క్రియకు భూతకాల రూపం 'వుర్డె'. దీనికి పనులు రెండే. 'అయ్యాడు' అనడం ఒకటి: 'ఎర్ వుర్డె లేరర్', అతను టీచరయ్యాడు. ఎవరు చేశారో చెప్పకుండా ఏం జరిగిందో చెప్పడం రెండోది, దీన్నే పాసివ్ అంటారు.

సమస్య: 'ఇష్ వుర్డె గెహోల్ఫెన్' అని రాస్తే కొట్టేస్తున్నారు.
కారణం: ఇంగ్లిష్ 'ఐ వాజ్ హెల్ప్‌డ్' నుంచి కట్టిన వాక్యం ఇది. 'హెల్ఫెన్' (సాయం చేయడం) డేటివ్, అంటే మన 'కు' విభక్తి లాంటి రూపం, అడుగుతుంది, పాసివ్‌లోకి మారినా ఆ డేటివ్ వదలదు.
పరిష్కారం: 'మీర్ వుర్డె గెహోల్ఫెన్'. ఇంగ్లిష్ పక్కనపెట్టి తెలుగులో అనుకోండి: 'నాకు సాయం చేశారు'. ఆ 'నాకు'యే 'మీర్'. 'నన్ను అడిగారు' అయితే మాత్రం 'ఇష్ వుర్డె గెఫ్రాక్ట్'. ఇంకో జాగ్రత్త: 'మాకు సాయం చేశారు' అన్నా క్రియ ఏకవచనమే, 'ఉన్స్ వుర్డె గెహోల్ఫెన్'. చాలామంది ఇక్కడ 'వుర్డెన్' అని రాసేస్తారు.

సమస్య: 'వార్' పెట్టాలో 'వుర్డె' పెట్టాలో తేలదు.
కారణం: ఇంగ్లిష్‌లో రెండింటికీ 'వాజ్' ఒక్కటే.
పరిష్కారం: తెలుగులో 'మూశారు' అని వస్తే 'వుర్డె', 'మూసి ఉంది' అని వస్తే 'వార్'. 'డేర్ లాడెన్ వుర్డె ఉమ్ 18 ఊర్ గెష్లోసెన్' అంటే కొట్టు ఆరింటికి మూశారు. అక్కడే 'వార్' పెడితే, ఆరింటికి మూసే ఉంది. బెర్లిన్ గోడ 1961లో కట్టారు: 'డీ బెర్లీనర్ మావర్ వుర్డె 1961 గెబౌట్'. సంవత్సరం ముందు ఒంటరి 'ఇన్' పెట్టకండి. కావాలంటే 'ఇమ్ యార్ 1961' అనండి.

సమస్య: 'కట్టారు' అనడానికి 'గెబౌట్ గెవోర్డెన్' రాస్తే తప్పంటున్నారు.
కారణం: పాసివ్‌లో 'వేర్డెన్' సహాయక క్రియ మాత్రమే, దాని 'గె' రాలిపోతుంది.
పరిష్కారం: 'ఇస్ట్ గెబౌట్ వోర్డెన్'. 'అయ్యాడు' అనే అర్థంలో 'గె' ఉండాల్సిందే: 'ఎర్ ఇస్ట్ లేరర్ గెవోర్డెన్'.

సమస్య: 'వెళ్లాను' అనడానికి 'ఇష్ వుర్డె గెగాంగెన్'.
పరిష్కారం: 'ఇష్ బిన్ గెగాంగెన్'. మామూలు భూతకాలానికి 'వుర్డె' పనికిరాదు.

సమస్య: 'ఇష్ వుర్డె గెర్న్ కోమెన్' అని మెయిల్ పెడితే అవతలివాళ్లు తికమక పడుతున్నారు.
కారణం: 'యు' మీద రెండు చుక్కలు పోయాయి. 'రావాలనుకుంటున్నాను' అని మర్యాదగా చెప్పే రూపం 'వ్యుర్డె', అది భూతకాలం కాదు.
పరిష్కారం: పలికేటప్పుడు పెదవులు 'ఉ'కి గుండ్రంగా పెట్టి, నోట్లో 'ఇ' అనండి. విండోస్‌లో ఆల్ట్ నొక్కిపట్టి నంబర్ ప్యాడ్ మీద 0252 కొడితే ఆ అక్షరం పడుతుంది. కుదరకపోతే 'యు' పక్కన ఇంగ్లిష్ అక్షరం 'ఇ' (e) టైప్ చేయండి, జర్మన్లు దాన్ని సరిగ్గానే చదువుకుంటారు. చుక్కలు లేకుండా మాత్రం పంపకండి.