ఒక విలువకు వంశావళి రాయడం ఎలా

‘పెళ్లిలో ఇచ్చిపుచ్చుకోవడాలు మన సంప్రదాయం’ అన్న మాటను విమర్శించదలచినవారు, అది మంచిదా చెడ్డదా అని వాదించే ముందు, ఎప్పుడు, ఎవరి అవసరం కోసం పుట్టిందో వెతకాలి. నీతి విషయంలో 1887లో జర్మన్ తత్వవేత్త నీషే చేసినది ఈ పనే. మనం విజయనగరం నుంచే ఆరంభించవచ్చు. ఇక్కడి మహారాజా మూడేళ్ల కన్యాశుల్క వివాహాలకు రాయించిన పట్టికలో 1,034 పెళ్లిళ్లు తేలాయని, వాటిలో 99 మంది వధువులకు అయిదేళ్లేనని, ముగ్గురికి ఏడాది వయసేనని గురజాడ ‘కన్యాశుల్కం’ నాటకం 1897 నాటి పీఠికలో రాశారు. ఆ అంకెల దగ్గర కాసేపు ఆగండి. ఆ పెళ్లిళ్లలో సొమ్ము పుచ్చుకున్నది ఆడపిల్ల తండ్రి, నేడు కట్నం పేరిట ఇచ్చుకుంటున్నదీ ఆడపిల్ల తండ్రే, అయినా రెండూ సంప్రదాయమనే చెలామణి అయ్యాయి. అయితే పుట్టుక తెలిసినంత మాత్రాన విలువ తప్పని రుజువు కాదు. అనాదిగా ఉన్నదన్న వాదన మాత్రమే కూలుతుంది. అందుకే ఆ తరువాత, నేడు దానివల్ల ఎవరు లాభపడుతున్నారో అడగాలి.