ఉప్పునీటి అక్వేరియంలో నత్తలను బతికించుకోవడం ఎలా?

గాజుకూ రాళ్లకూ పట్టిన నాచును మేసి ఉప్పునీటి తొట్టెను శుభ్రంగా ఉంచడంలో నత్తలకు సాటి లేదు. అయితే ఇంటికి తెచ్చిన నత్తలు మొదటి రోజుల్లో నీటి మార్పును తట్టుకోలేక, ఆ గండం గడిచాక కొన్ని నెలలకు ఆకలితో చనిపోతుంటాయి. ఈ రెండింటినీ తప్పిస్తే ట్రోకస్ వంటి నత్త ఏళ్ల తరబడి బతుకుతుంది.

ముందుగా తొట్టెను సిద్ధం చేయండి. వ్యర్థాల నుంచి నీటిలో పుట్టే విషాలైన అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు చేరి, రాళ్లపై నాచు కనిపించేదాకా నత్తలను కొనవద్దు. మంచినీటితో పోల్చి కొలిచే ఉప్పునీటి సాంద్రత 1.024 నుంచి 1.026 మధ్య, ఉష్ణోగ్రత 24 నుంచి 26 డిగ్రీల మధ్య ఉండాలి. గుల్ల పెరగడానికి లీటరుకు 400 నుంచి 450 మిల్లీగ్రాముల కాల్షియం అవసరం. బోరు నీటిలో కాక, ఆర్వో నీటిలోనే సముద్రపు అక్వేరియం ఉప్పు కలపండి. ఆ తొట్టెలో ఎప్పుడైనా చేపల తెల్లమచ్చల జబ్బుకు రాగి మందు వాడి ఉంటే, రాళ్లలో, ఇసుకలో ఇంకిన రాగి మెల్లగా మళ్లీ నీటిలోకి వస్తుంది. చేపలు తట్టుకునే మోతాదు కూడా నత్తలకు ప్రాణాంతకం కనుక ఆ రాళ్లనూ ఇసుకనూ మార్చడమే మంచిది.

చెన్నైలో నత్తల కోసం కొళత్తూరు అక్వేరియం దుకాణాల్లో వాకబు చేయవచ్చు. కొత్తవారికి నా సలహా ట్రోకస్. వెల్లకిలా పడితే అది తనంతట తానే తిరగగలదు, ఆస్ట్రియా (Astraea) అనే మరో రకం నత్తకు అది సాధ్యం కాదు. నసారియస్ నత్త ఇసుకలో దాగి మిగిలిన మేతను తింటుందే తప్ప నాచును ముట్టదు. చల్లటి సముద్రాలకు చెందిన మార్గరీటా నత్తలు మన తొట్టెల వేడికి ఆగవు. గాజుకు గట్టిగా అంటుకున్నదాన్నే, తాకగానే లోపలికి ముడుచుకునేదాన్నే ఎంచుకోండి. బీచిలో దొరికిన నత్తలను మాత్రం తేవద్దు: శంకు ఆకారపు కోనస్ నత్తల్లో మనిషి ప్రాణం తీయగల విషం ఉన్నవి ఉన్నాయి, పైగా కొన్ని సముద్రపు నత్తలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది.

ఇంటికి తెచ్చాక తొందరపడవద్దు. అన్నింటిలోనూ ముఖ్యమైన ఘట్టం ఇదే. చేప తన ఒంట్లోని ఉప్పును కొంతవరకు తానే అదుపు చేసుకుంటుంది, కానీ సముద్రపు నత్త ఒంటిలోని లవణం చుట్టూ ఉన్న నీటిని బట్టే మారుతుంది కనుక, దుకాణం నీటికీ మీ నీటికీ ఉన్న తేడా దాని మీద నేరుగా దెబ్బ కొడుతుంది. నత్తలను సంచిలోని నీటితో సహా ఒక గిన్నెలోకి మార్చి, సన్నని గొట్టంతో తొట్టె నీటిని చుక్కలు చుక్కలుగా వదలుతూ, దాదాపు రెండు గంటల్లో ఆ నీరు మూడింతలు అయ్యేలా చూడండి. గిన్నెలోని నీటిని తొట్టెలో పోయకుండా, నత్తను రాయి మీద పాదం కిందికి ఉండేలా ఉంచండి. ఒక రోజంతా కదలకపోయినా కంగారుపడనక్కరలేదు.

చెన్నై మే నెల, ముఖ్యంగా మండుటెండల అగ్నినక్షత్రం రోజులు, అసలు పరీక్ష. నీరు వేడెక్కే కొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. నీటిపైకి గాలి తగిలేలా ఫ్యాను పెడితే కొంత చల్లబడుతుంది, కానీ నీరు త్వరగా ఆవిరవుతుంది. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు; కాబట్టి తగ్గిన మేరకు ఉప్పు కలపని ఆర్వో నీటినే రోజూ పోయాలి. ఫ్యానుతో ఉష్ణోగ్రత దిగకపోతే నీటిని చల్లబరిచే యంత్రం, చిల్లర్, తప్పదు. కరెంటు పోయినప్పటి కోసం బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపును దగ్గర ఉంచుకోండి.

వంద లీటర్లకు నాలుగైదు నత్తలతో మొదలుపెట్టండి. గాజు తళతళలాడుతోందంటే వాటికి మేత అయిపోయిందని అర్థం. అప్పుడు ఉప్పూ మసాలా లేని నోరి (ఎండబెట్టిన సముద్రపు నాచు) ముక్కను రాయికి కట్టి ఉంచి, మిగిలినది మరునాడు తీసేయండి. నత్త గుల్లల్లో కాపురముండే సన్యాసి పీతలు గుల్ల కోసం నత్తలను చంపుతాయి కాబట్టి రెండింటినీ కలిపి ఉంచకపోవడమే క్షేమం.

వెల్లకిలా పడిన నత్త కనబడితే వెంటనే తిప్పి పెట్టండి. కదలికలేని నత్తను పైకి తీసి వాసన చూడండి: కుళ్లు వాసన వస్తే అది చనిపోయినట్టే, అమ్మోనియా పెరగకముందే పారేయాలి. వాసన లేకుండా గుల్ల మూత బిగించుకుని ఉంటే తిరిగి రాయి మీద ఉంచి, మరునాటి దాకా వేచి చూడండి.