పువ్వు పేరు పెట్టుకున్నవాళ్లు అర్థం ఎలా వెతుక్కోవాలి

నా పేరు శిరీష. "సిరికి ఈశ, అంటే లక్ష్మీదేవి" అని చిన్నప్పటి నుంచి చెప్పేవారు. చాలా ఏళ్లు నమ్మాను. అది తప్పని తెలిసింది ఒక్క అక్షరం వల్ల.

అందుకే ముందు అక్షరాలు చూడండి. ఈశలో ఉన్నది శ, నా పేరు చివర ఉన్నది ష. పైగా శ్రీ, ఈశ కలిస్తే శ్రీశ అవుతుంది. శిరీష విడగొట్టే మాట కాదు, ఒక చెట్టు పేరు.

తర్వాత నిఘంటువు తీయండి. శిరీషమంటే దిరిసెన. అమరకోశంలో దీనికే కపీతనం, భండిలం అనే పేర్లూ ఉన్నాయి. సంస్కృతంలో చెట్టు పుంలింగం, పువ్వు నపుంసకలింగం. ఆడపిల్ల పేరయ్యేసరికి చివర దీర్ఘం చేరి శిరీషా అయింది, తెలుగులో ఆ దీర్ఘం పోయింది.

ఇక బొమ్మ. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. శిరీష అని వెతికితే గులాబీరంగు కుచ్చులు కూడా కనిపిస్తాయి. వాటిలో కొన్ని నిద్రగన్నేరు పూలు. ఆ చెట్టు అమెరికా ఖండాల నుంచి వచ్చింది, శిరీషం గురించి రాసిన కాళిదాసు దాన్ని చూసే అవకాశమే లేదు. కాబట్టి శాస్త్రీయ నామం సరిచూసుకోండి: దిరిసెన అల్బీజియా లెబ్బెక్.

వీలైతే ఎండాకాలంలో పువ్వును చేతిలోకి తీసుకోండి. రేకులు ఉన్నా లేనట్టే. కనిపించేదంతా కేసరాలు, లేత పసుపులో కాస్త ఆకుపచ్చ కలిసిన సన్నటి దారాలు. అరచేతిలో బరువే తెలియదు, ఊపిరి తగిలితే వణుకుతాయి. వాసన మాత్రం గట్టిది.

అది చూశాకే కాళిదాసు కుమారసంభవంలో పార్వతి తల్లి మేనాదేవి మాట నాకు అర్థమైంది. శిరీషపుష్పం తుమ్మెద కాలు మోపితే ఓర్చుకుంటుందేమో గానీ పక్షి వాలితే ఓర్చుకోలేదంటూ, కూతుర్ని తపస్సుకు వెళ్లొద్దంటుంది. పార్వతి వెళ్లింది. పేర్ల జాబితాలు మాత్రం "సుకుమారి" అని రాసి అక్కడితో ఆపేస్తాయి. ఏ కవి ఎవరితో ఎందుకు అనిపించాడో తప్పకుండా చూడండి, అర్థంలో సగం అక్కడే దొరుకుతుంది.

పూలు రాలాక కాయలు చూడటం మరిచిపోవద్దు. దిరిసెన కాయలు బద్దల్లా పొడుగ్గా ఎండి, నెలల తరబడి కొమ్మనే ఉండి, గాలి వీస్తే గలగలమంటాయి. నా పేరు పక్కన అర్థం రాసుకున్నప్పుడు ఆ చప్పుడు కూడా రాసుకున్నాను.